పచ్చ తీగ

కిసుము రేవు దాటాక మటాటూ బళ్ళు మలుపు తిరిగే చోట
రేకుల కొట్టు, ఒక బల్ల, ఒక భూతద్దం, నేను.
గోడ నిండా మేకులు, మేకుల నిండా తీగలు.
పాములవాడి ఇల్లనుకుని
మొదటిరోజు ఓ పిల్లాడు గుమ్మంలోనే ఏడ్చాడు.

అడిగినవాళ్ళకి చెబుతాను:
ఈ వెడల్పు మూతిది పాత కాపు, పేరు ఏ.
ఒకసారి పెడితే పోదు, తిప్పి పెట్టినా పోదు,
మళ్ళీ మొదటిలా పెడితే పోతుంది. ఎందుకని అడక్కండి.
ఈ చదరపు మూతిది ప్రింటర్లతో తప్ప వియ్యమందదు.
ఈ సన్నది మైక్రో.
తిరగేసి దూర్చే తొందరవాళ్ళ పుణ్యాన
నా కొట్టు అద్దె గడుస్తోంది.
ఈ కోలమూతిది సి. ఎటు పెట్టినా ఒకటే,
చీకట్లో దారి తెలిసిన పిల్లి.

సి వచ్చాక గొడవ తీరిందంటారు.
నాకు అప్పుడే మొదలైంది.
మూతి ఒకటే, లోపల ఎవరి బతుకు వాళ్ళది.
ఒకటి లాప్‌టాప్‌ని లేపి కూర్చోబెడుతుంది,
ఒకటి చెవిలో బొత్తానికి అన్నం పెట్టడానికే చెమటలు కక్కుతుంది.
ఒకటి సినిమాని గుక్కలో దాటిస్తుంది,
ఒకటి అదే సినిమాని ఇసుకబండిలా ఈడుస్తుంది.
పైన పటారం, లోన లొటారం.

నిన్న మధ్యాహ్నం అకేయో వచ్చింది.
ఒమెనా చేపల వాసన ముందు, ఆమె వెనక.
చేతిలో తొమ్మిదేళ్ళ ఫోను, అద్దం సగం నల్లబడింది.
అరువులన్నీ పలక మీద సుద్దతో రాసి,
పొద్దుగూకాక ఫోటో తీసుకుని, పలక చెరిపేసేదట.
"ఎవరెంతివ్వాలో అంతా ఇందులోనే ఉంది. బయటికి తియ్యి."

ఆమె తెచ్చుకున్న తీగతోనే కంప్యూటరుకి కలిపాను.
బ్యాటరీ బొమ్మ మీద మెరుపు వెలిగింది.
కంప్యూటరు ఉలకదు, పలకదు.
తీసి పెట్టాను. మెరుపు. మళ్ళీ అదే మౌనం.
"ఊపిరుంది కదా, మాటెందుకు లేదు?" అంది.
లాంతరుతో ఉచితంగా వచ్చిన తీగ అది.
అడిగి, మధ్యకి కోశాను.
ఎర్రది. నల్లది. అంతే.

"లోపల నాలుగుండాలమ్మా.
ఎర్రదీ నల్లదీ అన్నం మోస్తాయి,
పచ్చదీ తెల్లదీ కబురు మోస్తాయి.
దీన్ని చేసినవాడు కబురు దండగనుకున్నాడు."
తెగిన కొసల్ని ఆమె వేళ్ళతో విడదీసి చూసింది,
చేప మొప్పలు చూసినట్టు.
"ఇన్నాళ్ళూ తిండి పెట్టానే గానీ
నోరు విప్పనివ్వలేదన్నమాట."

డబ్బా అడుగున ఎవరో వదిలేసిపోయిన టాబ్లెట్ తీగ దొరికింది.
ఈసారి ఫోను అడిగింది, నల్లబడని సగంలోనే, అదృష్టం:
ఫైళ్ళివ్వనా, ఒట్టి ఛార్జింగేనా?
"ఇవ్వమను," అంది అకేయో, కోడలికి చెప్పినట్టు.

పలకలు దిగుతున్నాయి. రెండు వందల పదకొండు.
సుద్ద అక్షరాలు కనబడుతున్నాయో లేదో అని
ఒకటి పెద్దది చేశాను.
మూడో వరస: అపొండి, పన్నెండు వందల షిల్లింగులు.

అపొండి మా అమ్మ.

మౌసు మీద నా వేలు ఆగింది.
అకేయో రోడ్డు వైపు చూస్తూ, "నీ కూలి ఎంత?"
"రెండు వందలు."
"అయితే వెయ్యి మిగిలింది," అని
నాలుగు తీగల తాడు చుట్ట చుట్టి సంచిలో వేసుకుంది.
తెలిసే వచ్చింది ముసల్ది.

మంచి ఛార్జరు ఒకేసారి మీద పడదు.
ముందు ఐదు వోల్టులే, పలకరింపుగా.
తన దగ్గరేముందో చెబుతుంది,
ఎంత కావాలో ఫోను అడుగుతుంది,
అప్పుడు పెంచుతుంది.
నేను మాత్రం ప్రతి శనివారం
డబ్బులు పొయ్యి పక్కన పెట్టి పడుకున్నాను,
సరిపోతున్నాయా అని అడిగిన గుర్తు లేదు.

రాత్రి అమ్మ పెనం మీద చేపలు తిప్పుతోంది.
"అకేయోకి ఇంకా ఎంతివ్వాలి?"
గరిటె ఆగింది.
"నీకెవరు చెప్పారు?"

పచ్చ తీగ, అన్నాను.