నల్ల మెట్లు

ఈ ఆర్గాన్‌కి ట్రాన్స్‌పోజ్ బటన్ లేదు.
మొదటి రోజే వెతికాను,
పెట్టుకున్న కళ్లజోడు కోసం ఇల్లంతా తడిమినట్టు.
"ఏం పోయిందమ్మా?" అంది డోరీన్.
ఏమని చెప్పను,
పదేళ్లుగా నాకు వచ్చింది ఒక్క శృతేనని?

అమ్మది ఐదున్నర. మైనస్ నాలుగు నొక్కేదాన్ని.
యేసుపాదం అంకుల్‌ది ఒకటిన్నర,
జలుబు చేస్తే ఒకటి.
నల్ల మెట్ల జోలికి పోకుండానే
నాలుగు కుటుంబాల చేత ఆరాధన చేయించాను.
మా పిల్ల బాగా వాయిస్తుంది, దేవునికి స్తోత్రం,
అనేవాళ్లు అందరూ.
నేనూ ఆమెన్ అనేదాన్ని.

*

హాలిఫాక్స్‌లో తెల్లవారుజామున నాలుగింటికి
వీధులన్నీ ఏటవాలు, వానంతా అడ్డం.
సూపర్‌మార్కెట్ వెనక గేటు, ఓవెన్లు, పిండి,
ఛాతీ మీద పేరు బిళ్ల.
"జెమైమా, ట్రేలు!" అని కేకేస్తాడు క్రెయిగ్.
నేను యెమీమాని.
అన్నీ పోయాక యోబుకి మళ్లీ పుట్టిన కూతురిని.
నాకు ముందు ఎవరైనా పోయారా అన్నది
ఈ పేరు పెట్టినవాళ్లు ఎప్పుడూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.
తెల్లారేలోపు ఆరు వందల బన్నులు.
అనుదినాహారం అనే మాట
నా నోట్లో ఇప్పుడు ఈస్ట్ వాసన వేస్తుంది.

*

పదమూడేళ్లప్పుడు నా బాప్తిస్మం,
గంటకింత అని అద్దెకు తీసుకున్న ఈత కొలనులో.
పాస్టరుగారి తెల్ల అంగీ నీళ్లలో బుడగలా ఉబ్బింది.
లేచేసరికి కొత్త మనిషిని అయిపోతానని
ముందు రాత్రంతా నిద్రపోలేదు.
లేచాను. ముక్కులో క్లోరిన్.
చెవుల్లో నీళ్లు నిండి మూడు రోజులు
పాటలన్నీ పక్కింట్లోంచి వచ్చినట్టు వినిపించాయి.
నిజం చెప్పాలంటే
అవి ఇంకా పూర్తిగా ఇంట్లోకి రాలేదు.

*

ఈ చాపెల్‌లో పొద్దున పదకొండు మంది ఇంగ్లీషు వాళ్లు,
మధ్యాహ్నం మేం.
డోరీన్ వేళ్లు ముడులు పడ్డాయి.
"మనిషి ఉండగా మిషను పెట్టి పాటలు వేయడం నాకిష్టం లేదు" అని
తాళంచెవి నా చేతిలో పెట్టింది.
తర్వాత ఒక అట్టపెట్టె. లోపల తన బూట్లు,
అడుగు కాగితమంత పల్చన.
కాళ్లతో కూడా వాయించాలట, పాదానికి చెక్క తెలియాలట.

మా వాళ్లు గుమ్మం బయట చెప్పులు విడిచి
సాక్స్‌లతో చలికి వణుకుతూ మోకరిస్తారు.
ఈమె దేవుడి దగ్గరికి బూట్లు తొడుక్కుని రమ్మంటుంది.
మండే పొద దగ్గర మోషేకి
ఈ సంగతి ఎవరు చెప్తారు?
సగం సైజు బిగువు. వేసుకున్నాను.

మంగళవారాలు, హీటర్ వేయకుండా, కోటు విప్పకుండా,
ఒక్కో నల్ల మెట్టు.
తప్పు పడితే ఈ గొట్టాలు దాచవు,
కప్పు దాకా మోసుకెళ్లి చూపిస్తాయి.
పావురాలు లేస్తాయి.
ప్రార్థన అనుకుని కూర్చోలేదు నేను,
ఏ వేలు ఎక్కడ పెట్టాలా అని, అంతే.
కానీ ఒక సాయంత్రం
అమ్మ మాటలు అరువు తెచ్చుకోకుండా
"ఇది నాకు రావట్లేదు" అన్నాను పైకి.
ఎవరితో అన్నానో
బస్సెక్కాక గాని తట్టలేదు.

*

జనవరి మొదటి ఆదివారం.
పొద్దున రెండుసార్లు తప్పాను. పదకొండు మందీ
రోడ్డు మీద గుంట దాటినట్టు దాటి పాడుకుంటూ పోయారు.

మధ్యాహ్నం అమ్మ లేచింది, కొంగు తలమీదికి లాక్కుని.
ఐదున్నర. బటన్ లేకుండా,
నా వేళ్లతో, ఇరుకు బూట్లతో.
మొదటి చరణం నిలబడింది.
రెండో చరణంలో అమ్మ కళ్లు మూతలు పడ్డాయి, సంతోషం వచ్చేసింది,
ఎవరికీ చెప్పకుండా గొంతు ఆరుకి ఎక్కేసింది.

వెనక బెంచీలో డోరీన్ కోటు గుండీలు పెట్టుకోవడం ఆపింది.
అమ్మ ఆగదు. ఆగమనడానికి
నా దగ్గర ఏ మీటా లేదు.
వెతుక్కుంటూ
వెనకే వెళ్తున్నాను.