పాతళ్

బల్లార్షా. మే నెల. మూడింటికి మిల్లు సైరన్ కూసింది.
గోడ మీది థర్మామీటరు నలభై ఆరు దాకా వచ్చి
ఇంకెక్కడానికి బద్ధకించి ఆగింది.
షట్టరు సగం దించి కూర్చున్నా.

వైశాలి కోట్నాకే నడుం వంచి లోపలికొచ్చి
పలకంత లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది.
"దాదా, కొన్నప్పుడు ఉరికేది.
ఇప్పుడు మ్యాపు తెరిస్తే మొద్దునిద్ర."
అడవి ఊళ్ళ హద్దులు గీసే పని ఆమెది.
ఏ వాగు ఎవరిది, ఏ ఇప్పచెట్లు ఎవరివి,
ఎక్కడ ఎవరి తాతను పూడ్చారు,
అన్నీ తెర మీద రంగులేసి ఆఫీసుకు చూపాలి.

"కొంచెం లావుది తీసుకోవాల్సింది," అన్నా, అలవాటు కొద్దీ.
"మోసేది నువ్వు కాదుగా," అంది.
రెండు బస్సులు, ఆపైన నాలుగు కిలోమీటర్ల నడక.
సంచి పట్టీ ఒరుసుకున్న గీత
భుజం మీద చెమటలో మెరుస్తోంది.
"అందుకే మలా పాతళ్ పాహిజే."

పాతళ్ అంటే మరాఠీలో పల్చన.
పుట్టినప్పటి నుంచీ వింటున్నా
నా చెవికది ముందు పాతాళమనే వినిపిస్తుంది.
మా నాయిన రోజూ దిగిన చోటు.

పది స్క్రూలు, ఒక్కోటి ఆవగింజ.
మూత లేపి చూస్తే
చపాతీలా నొక్కిన రాగి గొట్టం,
రూపాయి బిళ్ళకు అన్నలాంటి ఫ్యాన్,
దాని రెక్కల నిండా నల్లటి నుసి.
మా ఊళ్ళో దుమ్ము తెల్లగా ఉండదు.

తప్పు చిప్‌ది కాదు. దానికి సత్తువుంది.
ఒళ్ళు కాలుతుంటే
తన నడక తానే తగ్గించుకుంటోంది, చావకుండా.
దాన్ని సోమరి అంటే నాకు నచ్చదు.

నాయిన పోశం, గనిలో గాలి తలుపుల కాపలా.
కొన్ని చోట్ల బొగ్గు పొర నడుమెత్తు కూడా ఉండేది కాదట,
వంగినోళ్ళు షిఫ్టంతా వంగే ఉండాలట.
"ఇరుకుల ఉరుకరాదు బిడ్డా,
ఉరికితే నీకన్నా ముందు నీ గాలి అయిపోతది."
మిషన్ల గురించి కాదు ఆ మాట.
తంబాకు నలుపుకుంటూ, నా పెళ్ళి ఖర్చుల లెక్కలో ఉండి,
ఎందుకో అన్నాడు.

బ్రష్షుతో నుసి దులిపా.
ఎండి పెచ్చులైన పేస్టు గీకేసి
కొత్తది బియ్యపు గింజంత పెట్టా.
వేగానికి కొంచెం పగ్గం వేశా.
"మ్యాపుకి ఇంకో చాయ్ తాగేంత సేపు పడుతుంది,
మధ్యలో మాత్రం ఆగదు," అన్నా.
నిజం చెప్పాలంటే నాకు సగమే నమ్మకం.

ర్యామ్ పెంచమంది.
బోర్డుకే అతికి పుట్టింది, పెరగదు.
దీన్నింత సన్నగా చెక్కినవాడు
ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని
వేలితో అంచు నిమిరి మురిసి ఉంటాడు.
అతన్ని తిట్టను. అంచు బాగుంది. నేనూ నిమిరా.

బల్ల కింద రేకు డబ్బాలో
నాయిన గని బూట్ల మడమలున్నాయి.
బూట్లెప్పుడో చిరిగిపోయాయి, మడమలే దాచా,
దేనికని అడిగితే ఇన్నాళ్ళూ చెప్పలేకపోయేవాణ్ణి.
బ్లేడుతో రెండు ముక్కలు కోసి
లాప్‌టాప్ వెనక అంచు కింద అతికించా.
అరంగుళం లేచి నిలబడింది.
కింద చెయ్యి పెట్టి చూశా. గాలి ఆడుతోంది.

"పాతళ్ పోయింది కదా, దాదా."
"పోయింది."
సంచిలో పెట్టబోయింది. పట్టలేదు.
అడ్డం తిప్పింది. పట్టింది.

మూడొందలు తీసుకున్నా. బిల్లులో రబ్బరు రాయలేదు.
ఆమె షట్టరు కింద వంగి ఎండలోకి దాటి
అవతల నిటారుగా లేచి
సంచిని రెండో భుజానికి మార్చుకుంది.