పావు చుట్టు

మధ్యాహ్నం మూడింటికి పరాచోలో వాన మొదలవుతుంది.
అప్పటికి మెడ నడుమ గాడి తీయడం అయిపోవాలి.
తడిగాలి తగిలితే మహాగని మనసు మార్చుకుంటుంది.

వెడల్పు ఆరు మిల్లీమీటర్లు,
లోతు తొమ్మిదిన్నర.
ఇంకో రెండు దిగిందా, వెనక వీపు పలచబడి
వాయించేవాడి బొటనవేలి కింద అట్టలా పలుకుతుంది.
మొన్న ఒకటి అలాగే పాడు చేశాను.
పొయ్యిలో పెట్టబోతే ఎలుతేరియో మామ లాక్కుని
చెక్కి చెక్కి కొట్టు తలుపుకి గడియ చేశాడు.
రోజూ ఆ తప్పుని పక్కకి జరిపితేనే
నాకు లోపలికి దారి.

మామ యాభై ఏళ్లలో
ఒక్క మెడలోనూ ఇనుము పెట్టలేదు.
నైలాను తీగలు నెమ్మదస్తులు,
దేవదారు చేవ చాలేది వాటికి.
"ఇనుము గేట్లకి, గుర్రాలకి" అంటాడు.
మోంతెరేయ్ నుంచి అబుందియో అనే పాటగాడొచ్చి
పన్నెండు ఉక్కు తీగల గిటారు కావాలంటే
బయానా పుచ్చుకుంది నేను.
మామ పొట్టు ఊడుస్తున్నాడు,
ఊడ్చిన చోటే, మళ్లీ మళ్లీ.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
అన్నవాడు గిటారు చేసి ఉండడు.
కోసి, చీల్చి, ఏడేళ్లు అటక మీద ఆరబెట్టినా
మాను వంగుతూనే ఉంటుంది.
పన్నెండు ఉక్కు తీగలు బిగిస్తే
ఒళ్లున్న మనిషొకడు రాత్రీ పగలూ
ఆ మెడ పట్టుకు వేలాడినట్టే.

అందుకని ఈ ట్రస్ రాడ్.
రెండు జానల ఊచ, కొసన ఇత్తడి నట్టు.
గాడిలో పెట్టి బొటనవేలితో నొక్కాను, దిగింది.
తిరగేశాను, జారలేదు.
సరిపోయిందనుకున్నాను.

"దాంట్లో ఈగ ఉంది" అన్నాడు మామ.
గుమ్మంలో వానకేసి నిలబడి ఉన్నాడు.
ఎడమ చెవి ఏనాడో పోయింది,
కుడిది ఆదివారాలే పనిచేస్తుందని అత్త వేళాకోళం.
వేలి కణుపుతో తట్టాను. ఏమీ లేదు.
ఇంకొంచెం కిందికి, ఐదో మెట్టు వచ్చే చోట.
ఉంది.
సీసాలో ఇరుక్కున్నంత సన్నగా,
జుయ్‌మని.

అతను వచ్చాడు.
ఉన్ని దుప్పటి అంచునుంచి ఒక పోగు లాగి
మైనం ముద్ద మీద రెండుసార్లు ఈడ్చి
ఊచకి చుట్టసాగాడు,
ఇనుము చేతికి తగలకుండా.
అలా కుదరలేదు.
మూడో చుట్టుకి అరచేత్తోనే పట్టుకున్నాడు.
నేను చూడనట్టు జిగురు కలుపుతున్నాను.

మళ్లీ తట్టాను. చెక్క ఒక్కటే పలికింది.

ఊచ మీద పొడవునా టేపు అంటించి
రెండు పక్కలా జిగురు రాసి, టేపు లాగేసి
పైన నల్లచేవ పలక మూశాను.
ఒక్క చుక్క గాడిలోకి జారితే నట్టు ఇక తిరగదు.
పదకొండు క్లాంపులు.
పన్నెండోది మామ తెచ్చాడు,
నేను అడగలేదు, అవసరమూ లేదు,
అయినా బిగించాను.

తీగలెక్కించిన పూట మెడ ముందుకు వాలింది,
పేరు పెట్టి పిలిస్తే తల తిప్పినట్టు.
మెడ మరీ నిటారుగా ఉన్నా పనికిరాదు,
తీగ ఊగడానికి చోటుండాలి.
ఏడో మెట్టు దగ్గర ఒక పోస్టుకార్డు మందం, అంతే.
ఇక్కడ మూడు కార్డులు పడుతున్నాయి.

తాళంచెవి లాంటి ఆ వంకర కమ్మీ తీశాను.
మామ చెయ్యి చాపాడు.
ఇచ్చాను.
నట్టులో దాన్ని వెతికి దూర్చి
అలాగే ఆగిపోయాడు.
తొమ్మిదో ఏట ఈ కొట్టులో నా చేతికి చిత్రిక ఇచ్చినవాడు,
నా చేతుల్లోంచి ఎన్నిటినో లాక్కున్నవాడు,
తల ఎత్తకుండా అడిగాడు:
"ఎటు?"

"కుడికి" అన్నాను.
"కొంచెమే."