నాలుగో నంబరు కుర్చీ

జూలైలో ఆలిస్ స్ప్రింగ్స్‌లో తెల్లారడం అంటే
కారు అద్దం మీద మంచు గీకడం.
ఎడారి కదా, చలేమిటి అని
ఫోనులో నవ్వేవాళ్లకి నేనేం చెప్పను.

ఆరున్నరకి డయాలిసిస్ గది తలుపు తీస్తాను.
ఏడింటికి కోరలీ నాపాంగర్ది వస్తుంది,
మనవడి ఫుట్‌బాల్ జట్టు టోపీ చెవులదాకా లాక్కుని.
ఎడమ చేయి చాపి నాలుగో నంబరు కుర్చీలో కూర్చుంటుంది.
ఐదు గంటలు. వారానికి మూడుసార్లు.
ఆమె ఊరు ఇక్కడికి ఐదువందల కిలోమీటర్లు,
మిషను మాత్రం ఇక్కడే.

నిన్న బజార్లో ఓ స్కార్ఫ్ కొన్నాను.
ఉన్నిది. నూట నలభై డాలర్లు.
రెండుసార్లు కొట్టులోంచి బయటికొచ్చేసి
మూడోసారి కొన్నాను.
నల్లటి నేల మీద పసుపు చుక్కలు,
చుక్కల నడుమ పాయలు పాయలుగా తెల్లగీతలు.
అంచున వేలాడే చీటీలో
గొర్రెలు ఎక్కడివో, నేసినవాళ్లది ఏ ఊరో,
బొమ్మ గీసినామెకి ఒక్కో స్కార్ఫుకీ వాటా ఎంతో
చిన్న అక్షరాల్లో.
వాటన్నిటికీ పైన, పెద్దక్షరాల్లో,
కోరలీ నాపాంగర్ది.

కొట్టు మధ్యలో నిలబడిపోయాను.

మా మేనత్త సామ్రాజ్యం
పెడనలో ముప్పయ్యేళ్లు అచ్చులద్దింది.
గుడ్డ మీద చెక్క అచ్చు ఆనించి పిడికిలితో ఒక్క దెబ్బ.
అలా కొట్టీ కొట్టీ కుడి భుజం కాస్త కిందికి జారింది.
మెడ వెనక్కి తిప్పిన నెమలిని మొదట గీసింది ఆవిడే.
ఎందరి పెళ్లిళ్లకి వెళ్లిందో ఆ నెమలి!
ఏ చెంగు మీదా మా అత్త పేరు లేదు.
షావుకారు పేరుంది, ఊరి పేరుంది,
చన్నీళ్లలో ఉతకమని కూడా ఉంది.

పొద్దున స్కార్ఫ్ చుట్టుకుని, కాస్త గొప్పగానే, గదిలోకి వెళ్తే
కోరలీ తలెత్తి చూసి
"అది నాదేగా" అంది.
"తలకిందులుగా చుట్టుకున్నానా?" కంగారుపడ్డాను.
నవ్వింది. ట్యూబులు కదిలేంత నవ్వు.
"గుడ్డ నేల మీద పరిచి చుట్టూ తిరుగుతూ గీస్తాం.
దానికి తలెక్కడ, కిందెక్కడ?"

పసుపు చుక్కలు ఎడారి టమాటాలట,
వాన వెళ్లాక అమ్మమ్మ వెనకాల ఏరినవి.
"మరి ఈ తెల్లగీతలు?"
ఆమె కిటికీ వైపు చూసింది.
నేను బీపీ రాసుకున్నాను.
కొన్ని ప్రశ్నలకి కిటికీయే జవాబని
ఈ ఊరొచ్చిన మొదటి ఏడాదే నేర్చుకున్నాను.

వాటా డబ్బు సంగతి మాత్రం అడక్కుండానే చెప్పింది.
ల్యాండ్ క్రూజరుకి రెండు టైర్లు వచ్చాయి.
ఇంకో రెండు కావాలి.
నాలుగూ అయితే
శనివారం మధ్యాహ్నం బయల్దేరి, ఊళ్లో రెండు రాత్రులు పడుకుని,
మంగళవారం ఏడింటికి మళ్లీ ఈ కుర్చీలో ఉండొచ్చట.

మూడో గంటలో చలి మొదలవుతుంది.
నెత్తురు బయటంతా తిరిగి చల్లబడి వస్తుంది కదా,
ఎన్ని ఆసుపత్రి దుప్పట్లు కప్పినా ఎముకల్లోంచే వణుకు.
పళ్లు బిగబట్టింది. అడగదు.
నా మెడలోంచి స్కార్ఫ్ తీసి
ఆమె భుజాల చుట్టూ కప్పాను.

మా వైపు గొప్పవాళ్లకి శాలువా కప్పుతారు.
వేదిక ఉంటుంది, మైకు గురగురలాడుతుంది,
కప్పేవాడు ఫొటో కోసం ఇటు తిరుగుతాడు.
ఇక్కడ మూడు కుర్చీల్లో ముగ్గురు నిద్రపోతున్నారు.
మిషను ఒకసారి బీప్‌మంది. అంతే.

కోరలీ ఉన్నిని రెండు వేళ్లతో నలిపి చూసింది,
ఎక్కడైనా నాసిరకం కలిపారేమోనన్నట్టు.
"బాగానే చేశారు" అని
కళ్లు మూసుకుంది.

పన్నెండింటికి సూదులు తీశాక
మడతపెట్టి నా చేతికిచ్చింది.
ఉంచుకోమన్నాను. తల అడ్డంగా ఊపింది.
"నువ్వు కొన్నావు. నాకు వాటా వచ్చింది. అది నీది."
తలుపు దగ్గర ఆగి, టోపీ సర్దుకుంటూ,
"ఇంకోటి కొను" అంది.
"టైర్లు."