బెంచీ కింద గుంట

లాలాగూడ వర్క్‌షాపు సైరను మోగగానే
గ్రీజు చేతులు కిరోసిన్‌తో కడుక్కుని
సైకిలు మీద గ్రౌండుకొచ్చేవాడు ఎబినేజర్ సార్.
అప్పటికింకా సార్ కాదు. లెఫ్ట్ హాఫ్.
ఆయన ఎదురొస్తే
బంతే తన దారి తను చూసుకునేదని
మా బాపు చెప్పేవాడు.
నేను చూసింది మాత్రం మోకాలు పోయాకే.

ఆ మోకాలి కథ మూడు రకాలు.
ఒకసారి ఖరగ్‌పూర్ వాడి బూటు,
ఒకసారి గ్రౌండులో ఎవరిదో గేదె తవ్విన గుంట,
ఒకసారి, రెండు గ్లాసులయ్యాక,
"ఎవరూ కాదుర, నేనే తప్పు తిరిగిన."

ఇరవై తొమ్మిదేళ్లకే మేనేజరు.
ఇస్త్రీ చొక్కా, మెడలో విజిలు,
సున్నం గీతకి ఇవతల నిలబడే ఉద్యోగం.
మొదటి మ్యాచిలోనే మూడుసార్లు గీత దాటాడు.
రెఫరీ రెక్క పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు,
బడి ఎగ్గొట్టిన పిల్లాణ్ణి తెచ్చినట్టు.
ఆనాటి నుంచి కూర్చున్నాడు.
కాలు మాత్రం కూర్చోలేదు.

నాకెలా తెలుసంటే, పక్కన కూర్చున్నది నేను.
పన్నెండోవాణ్ణి.
మైదానంలో మావాడు పాసిస్తే
బెంచీ కింద ఆయన కాలు పాసిచ్చేది.
కార్నరైతే మడమ లేచేది.
పెనాల్టీ అయితే ఊపిరి బిగబట్టి
లేని బంతిని తన్నేవాడు,
దుమ్మంతా నా సాక్సు మీద.
రెండు సీజన్లకి అక్కడ
పిల్లి పడుకునేంత గుంట పడింది.
మాలీ పూడ్చేవాడు, తిట్టుకుంటూ.
మళ్లీ పడేది.

టీమ్ మీటింగు మెట్టుగూడ ఇరానీ హోటల్లో.
బిస్కెట్లే బ్యాకులు, ఉప్పుడబ్బా గోల్‌కీపరు,
వొలికిన చాయ్ ఆ రోజు గాలి ఎటుందో చెప్పేది.
ప్రాక్టీసుకి రాని రైట్ బ్యాకుని
అందరూ చూస్తుండగా చాయ్‌లో ముంచి తినేశాడు.
"ఇప్పుడు ఆ జాగల ఎవడు?"
ప్లేటులో ఇంకో బిస్కెట్ లేదు.
నా వైపు చూసి నవ్వాడు.
నేను నవ్వలేదు.

వాళ్లింటి గూట్లో ఒక జత బూట్లుండేవి.
తిరుమలగిరి బ్యారక్సులో వాళ్ల నాయన
చిన్నప్పుడు పాలిష్ పట్టినవి.
స్కాట్లాండు సోల్జరొకడు ఊరికి పోతూ వదిలేసినవి.
ఆ సోల్జరు పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు,
ఆ బూట్లు ఎవరి కాలికీ పట్టలేదు.
టీములోకి వచ్చిన ప్రతివాణ్ణీ తొడుక్కుని నడవమనేవాడు.
"పెద్దగున్నయా?"
"పెద్దగున్నయి సార్."
"ఆట గూడ గంతే. పో, ఉరుకు."

నాకు సరిపోయాయి.
అచ్చం కొలిచి కుట్టినట్టు.
ఆయన కాసేపు నా పాదాల్నే చూసి
ఏమీ అనకుండా లోపలికెళ్లి మంచినీళ్లు తాగాడు.

నా ఆట మొత్తం పదకొండు నిమిషాలు.
లాల్ బహదూర్ స్టేడియం, మూడు గోల్స్ వెనక,
జనం సగం అబిడ్స్ బస్సులెక్కేశారు.
"పోర, ఒళ్లు వేడి జేస్కో" అన్నాడు.
నేను తాకిన బంతులు నాలుగు. ఒకటి త్రో.
తిరిగొచ్చేసరికి బెంచీ మీద లేడు,
స్టాండు వెనక నల్లా దగ్గర
మోకాలు కడుక్కుంటున్నాడు,
తనే ఆడొచ్చినట్టు.

ఏడో ఓటమి తర్వాత ఉత్తరం వచ్చింది.
మడిచి జేబులో పెట్టుకుని లేత్ మిషను దగ్గరికెళ్లిపోయాడు.
ఆయన తర్వాత వచ్చినాయన మంచివాడే,
కాళ్లు మీద కాళ్లేసుకుని కూర్చునేవాడు.
గుంట మెల్లగా తనంతట తనే పూడింది.

నిన్న రాత్రి రైల్వే హాస్పిటల్లో
పేషెంటు పక్కనుండే బెంచీ మీద నేను.
గోడ టీవీలో ఏదో దూరదేశం మ్యాచి,
సౌండు తీసేశారు.
ఆయన కళ్లు మూసే ఉన్నాయి.
ఎవడో బాక్సులోకి బంతి ఎత్తాడు,
దుప్పటి కింద కాలు కదిలింది.

నేను వంగి
అలవాటుగా సాక్సు దులుపుకున్నాను.