పలకని డాలరు

పెయిస్లీలో చర్చి హాలు, శనివారం.
తడి గొడుగులన్నీ గుమ్మం దగ్గర ఒకే బకెట్‌లో.
నా బల్ల చివరిది, టీ కౌంటరు పక్కన.
నల్ల మఖమల్ మీద
ముద్ర మీద ముద్ర పడ్డ ముసలి నాణేలు.

మెరుపు నాణేల వాళ్ళు వీటిని చూసి
పెదవి విరిచి పోతారు. దెబ్బతిన్న సరుకట.
నిజమే.
ఏదో రాజు చెంప మీద
ఏ కమ్మరిదో, ఏ తుపాకుల షాపు వాడిదో సుత్తిపోటు.
నేను ఆ దెబ్బకే డబ్బిస్తాను.

క్లైడ్ రేవులో ముప్పై ఏళ్ళు
పడవ టికెట్లకు చిల్లులు పొడిచిన చెయ్యి నాది.
ఏ చిల్లు ఏ గుమాస్తాదో
కాగితం వెనక తడిమి చెప్పేవాణ్ణి.
ఇదీ అలాంటి విద్యే. ముందు వెనక్కి తిప్పాలి.
ముద్ర పడిన చోటుకి సరిగ్గా అవతల
లోహం చదునై ఉండాలి,
దెబ్బతిన్నవాడు వీపు దాచలేడు.
తర్వాత అరుగుదల. రాజు ముక్కు అరిగిపోయి
అక్షరాలు నిన్న కొట్టినట్టుంటే
నిన్న కొట్టినవే.
రెండూ కలిసి అరగాలి,
ఒకే జేబులో, అవే తాళంచెవుల మధ్య.

మూడింటికి ఒకామె వచ్చింది.
గ్రిజెల్ మకాస్లన్, స్కూలు బస్సు నడుపుతుందట.
ఆస్పిరిన్ డబ్బాలో దూది,
దూదిలో స్పెయిన్ వెండి డాలరు.
రాజు మెడ మీద గుండ్రటి ముద్ర:
గ్లెన్‌హార్డీ నూలు మిల్లు, చుట్టూ.
నడుమ, నాలుగు షిల్లింగుల తొమ్మిది పెన్నీలు.

"మా వంశంలో ఐలీ అని ఒకావిడ, దారం వడికేది.
ఇది ఆవిడ జీతం.
ఖర్చు పెట్టకుండా దాచుకుంది పాపం.
ఎందుకో ఎవరికీ తెలీదు."

వెనక్కి తిప్పాను. చదును సరిగ్గా ఉంది.
భూతద్దంలో చూశాను. అరుగుదల సరిగ్గా ఉంది.
ఆ మిల్లు ముద్ర నేను చూసింది రెండే, అవీ పుస్తకంలో.
టీ చల్లారిపోయింది. నేను చూడలేదు.

త్రాసులో నాలుగు గ్రాములు తక్కువ తూగింది.
వేలి కొసన నిలబెట్టి పెన్సిలుతో తట్టాను.
వెండి అయితే పలుకుతుంది, కాసేపు పలుకుతూనే ఉంటుంది.
ఇది టక్కుమని ఊరుకుంది.
అంచున కందిగింజంత ఎరుపు.
దాని పక్కనే రెండు చిన్న నొక్కులు, పళ్ళవి.

ఎలా చెప్పను?
"అమ్మా, ముద్ర అసలుది.
డాలరే దొంగది. రాగి మీద వెండి రేకు.
మిల్లు వాళ్ళు తెలిసి కొట్టారో తెలియకో...
ఆవిడ దాచుకోలేదు.
ఎక్కడా చెల్లలేదు."

గ్రిజెల్ ఆ నొక్కుల మీద బొటనవేలు పెట్టింది.
పెట్టి, తియ్యలేదు.
"అది ఎన్నాళ్ళ పని?"
వారం ఉండొచ్చన్నాను, రోజుకి పదమూడు గంటలు.
ఇంకో మాటా చెప్పక తప్పలేదు:
దొంగ డాలరు మీద నిజం ముద్ర
మాలాంటి వాళ్ళకి మరీ అపురూపం.
మంచి వెండికంటే ఇదే ఎక్కువ ధర పలుకుతుంది.
చెబుతుంటే నా చెవులకే బాగోలేదు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.
"ధర తర్వాత.
ముందు ఆ నాలుగు షిల్లింగుల తొమ్మిది పెన్నీలు ఇవ్వండి.
అప్పటివి."

నవ్వబోయి ఆగాను.
పది పౌండ్ల పళ్ళెంలో వెతికాను.
జార్జి రాజు షిల్లింగులు నాలుగు,
బండి చక్రాల్లాంటి రాగి పెన్నీలు తొమ్మిది.
బల్ల మీద ఒక్కొక్కటే పెడుతుంటే
ఆమె ఒక్కొక్కటే ఎత్తి, చెక్క మీద పడేసి,
చెవి వంచి వింది.
నాలుగో షిల్లింగుని మాత్రం కొరికి చూసింది.

హాలంతా మావైపే చూస్తోంది.
అన్నీ కోటు లోపలి జేబులో వేసుకుని
గుండీ పెట్టుకుని
డాలరుని నా వైపు జరిపింది.

"ఊఁ. ఇక బేరం మాట్లాడండి."