అర ముడి

ఇకా ఊరిబయట ఆస్పరాగస్ కాడలు కట్టే షెడ్డు.
సాయంత్రం ఆరయ్యేసరికి
మేస్త్రీ అందరి కార్డులూ తనే గీకేస్తాడు.
గడియారం ఇంటికెళ్ళిపోతుంది.
ఎనెదీనా చేతులు మాత్రం
ఐసునీళ్ళలో, ఇంకా అక్కడే.

ఎల్లుండికి ఎక్కడో ఎవరి పళ్ళెంలోనో
కాడ లేతగా విరగాలట.
ఆ లేతదనానికి ఓవర్‌టైమ్ ఎవరిస్తారు?

కాగితం లోపలికి తేనివ్వరు, ఫోనూ తేనివ్వరు.
అందుకని ఏప్రన్ నాడా.
గంటకో ముడి.
అరగంటకి చిన్నది, వేలికి తగిలీ తగలనంత.
కొండ మీద వాళ్ళమ్మమ్మ
గొర్రెల లెక్క ఇలాగే తాడుకి చెప్పుకునేది.

తనిఖీ రోజు అకౌంటెంటు బసాల్దువా
కార్డులు పరిచాడు: ఆరు, ఆరు, ఆరు, ఆరు.
"రుజువేదమ్మా?"
నడుం దగ్గర నాడా విప్పి బల్ల మీద పెట్టింది.
తడి వాసన.
ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు.
కళ్ళద్దాలు పైకి నెట్టి, వేలితో తడిమి తడిమి
నలభై మూడంది. ఫోటో తీసుకుంది.

"ఇది ముడా, చిక్కా?" అన్నాడు బసాల్దువా.
"అరగంట."
"అరగంటలు లెక్కలోకి రావు."
"ఆ సంగతి నీళ్ళకి తెలీదయ్యా,
అరగంటే కదాని నా వేళ్ళని వదల్లేదు."

వెనక బెంచీ మీంచి ఇంకో నాడా వచ్చింది.
ఇంకోటి.
ఒకామె జుట్టు రిబ్బనే విప్పి ఇచ్చింది.
బల్ల చాల్లేదు.

తీర్పు ఇంకా కాగితం మీదే ఉంది.
ఉతుకుదామని కూతురు నాడా విప్పబోతే
ఎనెదీనా చెయ్యి పట్టుకుంది:
"డబ్బు చేతిలో పడనీ.
ఒక్కోటీ నేనే విప్పుకుంటాను,
ముందు ఆ చిన్నవి."